ఇంటి బరువును తూచు త్రాసులు: శిశుమూర్ఛ కొలతలపై ఒక విమర్శ

జ్వరము ఎంత ఉన్నదో చెప్పుటకు జ్వరమాని కలదు. రక్తపు పోటు ఎంతో చెప్పుటకు యంత్రము కలదు. మూర్ఛవ్యాధి గల పిల్లవాని మెదడులో పుట్టు విద్యుత్తరంగములను గీతలుగా గీసి చూపు విధానమును జర్మనీ దేశస్థుడైన హాన్స్ బెర్గర్ 1929లోనే ప్రకటించినాడు. కాని ఆ పిల్లవాని మూలమున ఆ ఇంటిలో తల్లి ఎన్ని రాత్రులు కన్ను మూయలేదు, తండ్రి ఏ ఉద్యోగమును వదులుకొన్నాడు, అక్క ఏ స్నేహితురాలిని ఇంటికి పిలువక మానివేసినది, వీటిని కొలుచుటకు ఏ యంత్రము కలదు?

యంత్రము లేదు, ప్రశ్నావళులు కలవు. 1980 నుండి ఇటువంటివి అనేకము తయారైనవి. వాటిలో కొన్నింటిని ఈ వ్యాసములో పరీక్షింతము. ఇందుకు సాధారణమైన మూర్ఛవ్యాధిని గాక, చాల అరుదుగా వచ్చు ఒక శిశుమూర్ఛను ఎన్నుకొనుచున్నాను. మనవారు వాడుకలో ‘ఫిట్స్’ అని పిలుచు ఈ వ్యాధి కలవారిలో సరియైన మందులు దొరికినచో నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండ జీవింపగలరు. వారి ఇండ్లలోని కష్టమును ఏ కొలబద్దయైనను ఏదో ఒక రీతిగ కొలువగలదు. త్రాసు మంచిదో కాదో తేలునది మోయలేని బరువును దానిమీద పెట్టినప్పుడు. నా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాను. ఈ త్రాసులు పనికిరానివి కావు, అవి లేకపోయిన మరింత అన్యాయము జరుగును. అయితే అవి ఫిట్స్‌ను లెక్కించినంత చక్కగ కాపలాను లెక్కింపలేకున్నవి. ఆ ఇంటివారిని నలుగురి నుండి విడదీయునది ముఖ్యముగ ఆ కాపలాయే.

నేను ఎన్నుకొన్న వ్యాధి పేరు డ్రావే సిండ్రోము. ఫ్రాన్సులో మార్సెయ్ నగరమున పనిచేసిన షార్లెట్ డ్రావే అను వైద్యురాలు 1978లో దీనిని మొదట వర్ణించినది. అంతవరకు ఆరోగ్యముగ పెరుగుచున్న బిడ్డకు మొదటి సంవత్సరములోనే, తరచుగ అయిదు మొదలు ఎనిమిది నెలల వయస్సులో, జ్వరముతో ఒక ఫిట్ వచ్చును. అది ఐదు నిమిషములతో ఆగక అరగంట, గంట కూడ సాగవచ్చును. (జ్వరముతో ఫిట్ వచ్చిన పిల్లలలో అత్యధికులకు ఈ వ్యాధి లేదని, వారు పెద్దయ్యేసరికి అది దానంతట అదే పోవునని ఉపాధ్యాయులు తలిదండ్రులకు ధైర్యము చెప్పవచ్చును.) డ్రావే సిండ్రోములో అది పోదు. రెండవ ఏడు వచ్చుసరికి రకరకముల మూర్ఛలు మొదలగును. మాటలు, నడక, బుద్ధివికాసము మందగించును. జ్వరము ఒక్కటే కాదు, వేడినీటి స్నానము, ఎండ, ఆటలో కలిగిన సంతోషపు ఉద్రేకము కూడ ఫిట్‌ను రప్పించును. పుట్టినరోజు పండుగకు బిడ్డను తీసికొని వెళ్లుటకు తల్లి జంకుటలో ఆశ్చర్యము ఏమున్నది?

దీనికి కారణము 2001లో బెల్జియములో బయటపడినది. మెదడు కణముల పైపొరలో సోడియము అయానులను లోనికి పంపు సన్నని ద్వారములు కలవు. వాటిలో ఒక రకపు ద్వారమును తయారుచేయు జన్యువుకు ఎస్‌సీఎన్1ఏ అని పేరు. ఈ వ్యాధి గల పిల్లలలో నూటికి 80 మందికి పైగా ఆ జన్యువులో లోపము కనబడుచున్నది. ఈ ద్వారములు మెదడులో ఉద్రేకమును అదుపులో పెట్టు నాడీకణములకు ఎక్కువ అవసరము. బండికి కళ్లెము తెగినట్లు అదుపు కణములు పనిచేయనప్పుడు తక్కిన కణములు ఒక్కసారిగ విజృంభించును. ఇందువలననే సోడియము ద్వారములను మూయు కార్బమజిపీన్ వంటి మందులు ఇతర మూర్ఛలకు మేలు చేసినను ఈ పిల్లలకు కీడు చేయుచున్నవి. ఈ జన్యులోపము చాలమందిలో బిడ్డకే కొత్తగ ఏర్పడినది. తల్లిలోగాని తండ్రిలోగాని అది లేదు.

ఈ చివరి వాక్యము జీవశాస్త్ర పాఠములో ఒక చిన్న విషయము. ఆ ఇంటిలో మాత్రము అది ఒక తీర్పును రద్దుచేయుట వంటిది. మొదటి ఫిట్ తరచుగ టీకా వలన వచ్చిన జ్వరముతో వచ్చును గనుక, టీకా వేయించి బిడ్డను మేమే పాడుచేసితిమని కుమిలిపోయిన తలిదండ్రులు ఎందరో కలరు. 2006లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు, టీకా వలన మెదడు చెడినదని చెప్పబడిన 14 మందిని పరీక్షించగా 11 మందిలో ఈ జన్యులోపము కనబడినది. వ్యాధి బీజము ముందే ఉన్నది, టీకా తెచ్చిన జ్వరము దానిని కొన్నాళ్లు ముందుగ బయటపెట్టినది, అంతే. ఎన్నో ఏండ్లు మోసిన అపరాధభావము ఒక రక్తపరీక్షతో దిగిపోయినది. బిడ్డకు ఫిట్స్ మాత్రము ఒక్కటి కూడ తగ్గలేదు. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఇంటి బరువు ఫిట్స్ సంఖ్యతో పాటే పెరిగి తరుగునది కాదనుటకు ఇది మొదటి సాక్ష్యము.

ఇక ఈ బరువును అంకెలలో చెప్పవలసిన అవసరము ఏమి? అమెరికాలో 2015లో ప్రచురింపబడిన ఒక లెక్క ప్రకారము 15,700 మంది శిశువులలో ఒకరికి ఈ వ్యాధి వచ్చుచున్నది. అనగా ఏటా లక్ష కాన్పులు జరుగుచోట ఆరేడుగురు. ఒక కుటుంబము తనవంటి మరియొక కుటుంబమును జీవితములో చూడకపోవచ్చును. మామూలు వైద్యుడు తన వృత్తికాలము అంతటిలో ఒక్క రోగినైనను చూడకపోవచ్చును. ఇంత అరుదైన వ్యాధికి ఖరీదైన మందు ఇచ్చుటకు, ఇంటికి సహాయకురాలిని పంపుటకు ప్రభుత్వము గాని బీమా సంస్థ గాని పూనుకొనవలెనన్న మొదట అడుగునవి రెండే: ఎంతమంది? ఎంత నష్టము? వీటికి కన్నీళ్లు సమాధానము కావు. కొలరాడో రాష్ట్రములో ఒక పిల్లల ఆస్పత్రికి వచ్చు 34 కుటుంబములను విచారించి ఒక లెక్క కట్టినారు. ఆస్పత్రి, మందులు మొదలగు ప్రత్యక్ష వ్యయము ఒక్కొక్క బిడ్డకు ఏటా సగటున సుమారు 27 వేల డాలర్లు. బిడ్డ కొరకు వెచ్చించిన కాలము, పోయిన పనిదినములు మొదలగు పరోక్ష నష్టము సుమారు 81 వేల డాలర్లు. ఇది 2018లో ప్రచురితమైనది. ఆస్పత్రి బిల్లులో కనబడని నష్టము కనబడు నష్టమునకు మూడింతలు! ఈ ఒక్క నిష్పత్తిని చూపించినందులకు ఆ కొలతకు మనము కృతజ్ఞులమై ఉండవలెను.

అయితే డాలరు నష్టమును కొలుచును గాని ఒంటరితనమును కొలువదు. అందుకని ప్రశ్నావళులు వచ్చినవి. వీనిలో పేరుపొందినది న్యూయార్కులో రూత్ స్టైన్, కాథరిన్ రీస్‌మన్ అను వారు 1980లో తయారుచేసిన ‘కుటుంబముపై ప్రభావము’ అను కొలబద్ద. ఇందు 24 అంశములు. దీర్ఘవ్యాధి ఏదైనను సరే, ఆ బిడ్డ వలన ఇంటి ఆదాయము, బంధుమిత్రుల రాకపోకలు, అడుగువారి మనస్సు ఎట్లు మారినవో విచారింతురు. నాలుగవ భాగము ఒకటి కలదు, అది నాకు మిక్కిలి నచ్చినది: ఈ కష్టమును ఇంటివారు ఎట్లు నిభాయించుకొనుచున్నారు అనునది. కష్టమును మాత్రమే కాక సమర్థతను కూడ కొలువబూనుట గొప్ప ఆలోచన. తరువాత 2003లో ఆ కొలబద్దను 15 అంశములకు కుదించినప్పుడు ఈ భాగమును, డబ్బును గూర్చిన భాగమును వదలివేసినారు. గణితశాస్త్ర దృష్టితో చూచిన ఇది సబబే, మిగిలిన అంశములు ఒకదానితో ఒకటి చక్కగ పొసగినవి. కాని పొసగని అంశమే ఒక్కొక్కప్పుడు కొత్త సంగతి చెప్పును. ఇల్లు మునిగిపోవుచున్నదని చెప్పుటకు ప్రశ్నలు మిగిలినవి, ఈదుచున్నదని చెప్పుటకు లేకపోయినవి.

అదే 1980లో అమెరికాలోనే స్టీవెన్ జారిట్, అతని సహచరులు మరియొక ప్రశ్నావళిని ప్రకటించినారు. నేడు 22 ప్రశ్నల రూపములో అది లోకమంతట వాడుకలో ఉన్నది, మూర్ఛవ్యాధి గల పిల్లల తల్లులపై కూడ ప్రయోగించుచున్నారు. కాని అది పుట్టినది వృద్ధాప్యములో మతి తప్పినవారిని చూచుకొను బంధువుల కొరకు. మీ సమయము మీకు మిగులుచున్నదా, ఈ వ్యక్తి మీపై మితిమీరి ఆధారపడుచున్నాడా అను ధోరణిలో అందు ప్రశ్నలు ఉండును. డెబ్బది ఏండ్ల తండ్రిని గూర్చి కొడుకును ఇట్లు అడిగిన అర్థము ఉన్నది. రెండేండ్ల బిడ్డను గూర్చి తల్లిని అడిగినచో? ఆమె ఆ ప్రశ్ననే తప్పుపట్టవచ్చును, లేదా సిగ్గుపడి ‘ఏమీ లేదు’ అని గీత గీయవచ్చును. బంగారము తూచు త్రాసులో బియ్యము తూచుటకును, బియ్యపు త్రాసులో బంగారము తూచుటకును పూనుకొనుట రెండును పొరపాట్లే. త్రాసు ఖచ్చితమైనదే కావచ్చును, సరుకు వేరు.

కెనడాలోని నోవాస్కోషియాలో కరోల్ కాంఫీల్డ్, ఆమె సహచరులు 2001లో ప్రకటించిన కొలబద్ద ఈ లోపమును సవరించినది. ఇది పిల్లల మూర్ఛవ్యాధి కొరకే తయారైనది. పదకొండు ప్రశ్నలు మాత్రమే. ఆస్పత్రి వరండాలో కూర్చుండి కొద్ది నిమిషములలో పూర్తిచేయవచ్చును. బిడ్డకు తలిదండ్రులతో, తోబుట్టువులతో, తోటి పిల్లలతో ఉన్న సంబంధములను గూర్చి, బడిని గూర్చి, కుటుంబమంతయు కలసి చేయు పనులను గూర్చి అడుగుదురు. బిడ్డ పుట్టినప్పుడు పెట్టుకొన్న ఆశలు ఎంతవరకు పోయినవి అను భావముగల ప్రశ్న కూడ ఒకటి ఉన్నది. ఈ ఒక్క ప్రశ్న వ్రాసినవారి చేయి నిజముగ రోగుల ఇండ్లను ఎరిగిన చేయి అనిపించును.

కాని దీనికి ఒక హద్దు కలదు. ప్రతి ప్రశ్నకు ‘ప్రభావము లేదు’ మొదలు ‘చాల ఎక్కువ’ వరకు నాలుగే మెట్లు. మామూలు మూర్ఛవ్యాధి గల పిల్లల ఇండ్లు ఈ మెట్లపై అక్కడక్కడ నిలుచును. డ్రావే సిండ్రోము గల బిడ్డ ఉన్న ఇల్లు అనేక ప్రశ్నలలో మొదటే పై మెట్టు ఎక్కి కూర్చుండును. జ్వరమానిలో అంకెలు 42 డిగ్రీలతో ఆగిపోవును. దానిని మరుగుచున్న నీటిలోను, అంతకంటె చల్లనైన 60 డిగ్రీల నీటిలోను ముంచి చూచిన పాదరసము రెండింటను చివరికే పోవును, గాజు పగిలిననూ పగులును. అప్పుడు నీరు చల్లారుచున్నదని అది చెప్పలేదు. అట్లే వారమునకు నాలుగు రాత్రులు మేలుకొనుచున్న తల్లికి ఒక రాత్రి నిద్ర దొరికినను ఈ మానము కదలదు. ఆమెకు ఆ ఒక్క రాత్రి ఎంతటిదో మనము ఊహింపవచ్చును.

దీనికి ఎదురు దోషము కూడ కలదు. తరగతిలో మూడు గిన్నెల ప్రయోగమును అందరు చూచియే ఉందురు. ఒక చేతిని వేడినీటిలో, ఒక చేతిని చన్నీటిలో కొంతసేపు ఉంచి, తరువాత రెండింటిని గోరువెచ్చని నీటిలో పెట్టినచో ఒక చేతికి చల్లగను మరియొక చేతికి వెచ్చగను తోచును. మనుష్యుల జవాబులును అట్టివే. అయిదేండ్లు ఈ వ్యాధితో కాపురము చేసిన కుటుంబము ‘ఫరవాలేదు, బాగానే ఉన్నాము’ అని చెప్పును. అది అబద్ధము కాదు. వారు ఇంటిని చిన్నదిగ చేసికొన్నారు: ప్రయాణములు లేవు, సినిమా లేదు, వేసవిలో పగటిపూట బయటకు పోవుట లేదు. చిన్నదైన జీవితములో చిక్కులు తక్కువ. మొన్ననే ఈ వ్యాధి పేరు విన్న కుటుంబము ‘సర్వనాశనమైనది’ అని చెప్పును. అంకెలను మాత్రము చూచు పరిశోధకుడు కాలము గడచినకొద్ది కష్టము తగ్గుచున్నదని తేల్చును.

తలిదండ్రుల మాటను ఎంతవరకు కొలతగ గ్రహించవచ్చునో తెలుపు ఒక మంచి ఉదాహరణము 2017లో ప్రచురితమైన కానబిడియాల్ అను మందు పరీక్షలో కలదు. డ్రావే సిండ్రోము గల 120 మందిని రెండు జట్లుగ చేసి ఒక జట్టుకు అసలు మందును, రెండవ జట్టుకు మందువలె కనబడు ఉత్త ద్రవమును ఇచ్చినారు. ఎవరికి ఏది ఇచ్చినారో ఇంటివారికి తెలియదు. అసలు మందు పుచ్చుకొన్నవారిలో నెలకు వచ్చు పెద్ద ఫిట్స్ మధ్యస్థపు సంఖ్య 12.4 నుండి 5.9కి తగ్గినది. ఉత్త ద్రవము పుచ్చుకొన్నవారిలో 14.9 నుండి 14.1కి మాత్రమే తగ్గినది, అనగా తగ్గలేదనియే చెప్పవచ్చును. తరువాత బిడ్డ స్థితి మొత్తము మీద ఎట్లున్నదని ఇంటివారిని అడిగినారు. మెరుగైనదని మొదటి జట్టులో నూటికి 62 మంది, రెండవ జట్టులో నూటికి 34 మంది చెప్పినారు. ఫిట్స్ తగ్గని ఇండ్లలో మూడవ వంతు మెరుగు చూచినవి! దీనిని చూచి కొందరు తలిదండ్రుల మాట నమ్మదగినది కాదందురు. నేను అట్లనుకొనను. నెలల తరబడి వైద్యులు క్రమము తప్పక పిలిచి మాట్లాడుట, ఎవరో మనలను పట్టించుకొనుచున్నారను భావము, ఆశ, ఇవి కూడ ఆ ఇంటి స్థితిలో భాగములే. ఆ ప్రశ్న బిడ్డ మెదడును గూర్చి అడిగినట్లు కనబడి, ఇంటిని గూర్చి సమాధానము రాబట్టినది. ఏ సరుకును తూచుచున్నామో తూచువానికి తెలిసి ఉండవలెను.

ఇప్పుడు కాపలా సంగతికి వత్తము. డ్రావే సిండ్రోము గల పిల్లలలో నూటికి 15 నుండి 20 మంది యుక్తవయస్సుకు రాకముందే మరణించుచున్నారు. ఆ మరణములలో చాల భాగము నిద్రలో, ముందు సూచన ఏమియు లేక సంభవించునవి. అందువలన నెలలో రెండే ఫిట్స్ వచ్చినను కాపలా ముప్పది రాత్రులును ఉండవలసినదే. ఫిట్స్ లెక్కలో ఆ మిగిలిన 28 రాత్రులు సున్నలు. తల్లికి అవి సున్నలు కావు. చౌకీదారుకు జీతము దొంగలు వచ్చిన రాత్రులకు మాత్రమే ఇచ్చుట ఎక్కడనైన ఉన్నదా? ‘గత నాలుగు వారములలో’ ఏమి జరిగినదని అడుగు ప్రశ్నావళి జరిగినదానిని అడుగుచున్నది, జరుగునేమో అని ఎదురుచూచినదానిని అడుగుట లేదు.

సంఘములోని ఎడబాటు విషయములోను ఇట్టి చిక్కే ఉన్నది. లండనులో గ్రాహం స్కాంబ్లర్, ఆంథనీ హాప్కిన్స్ అను పరిశోధకులు 1986లో మూర్ఛవ్యాధి గల పెద్దవారిని విచారించి ఒక ముఖ్యమైన భేదమును చెప్పినారు. ఇతరులు నిజముగ అవమానించుట ఒకటి, అవమానింతురేమో అను భయము ఒకటి. రెండవది మొదటిదానికంటె ముందే వచ్చి, దానికంటె ఎక్కువ నష్టము చేయుచున్నదని వారు కనుగొన్నారు. భయపడువాడు రోగమును దాచును. దాచినవానిని ఎవరు అవమానింతురు? కనుక ‘మిమ్ములను ఎవరైన అవమానించినారా’ అను ప్రశ్నకు మిక్కిలి భయపడిన ఇల్లే ‘లేదు’ అని సమాధానము చెప్పును. సున్న వచ్చినచోట సుఖము ఉన్నదని ఎట్లు చెప్పగలము? ఈ భయము రోగితో ఆగదు. తోడున్నవారికి కూడ మచ్చ అంటునని అమెరికా సామాజికశాస్త్రజ్ఞుడు ఎర్వింగ్ గాఫ్మన్ 1963లోనే వ్రాసినాడు.

ఇది మన దేశమునకు కొత్త సంగతి కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు 1976లో చేసిన సవరణలో, మాటిమాటికి మూర్ఛలు వచ్చుటను వివాహమునకు అడ్డంకిగ చేర్చినారు. 1999లో ఆ మాటను తొలగించినారు. చట్టములో మాట పోయినంత త్వరగ పెండ్లిచూపులలో ప్రశ్న పోదు. తమ్మునికి ఫిట్స్ అన్న సంగతి అక్క సంబంధము కుదురువరకు ఇల్లు దాటి పోకూడదని పెద్దవారు కట్టడి చేయు ఇండ్లను మనము ఎరుగనివారము కాము. బిడ్డకే కొత్తగ ఏర్పడిన జన్యులోపము అక్కకు రాదని జీవశాస్త్రము చెప్పినను, ఆ మాట చెప్పుటకు ముందు తమ్ముని రోగమును ఒప్పుకొనవలెను గదా! పాశ్చాత్య దేశములలో తయారైన కొలబద్దలలో ఈ అక్క పెండ్లికి చోటు లేదు. వాటిని తెలుగులోనికి మార్చిన మాత్రమున చోటు ఏర్పడదు. ‘మీరు సంఘమునుండి వేరుపడినట్లు తోచుచున్నదా’ అని అత్తగారి ఎదుట ఒక కోడలిని అడిగిన ఆమె చుట్టును చూచి ‘ఇంటినిండ జనమే గదండీ’ అనును. ఆ ఇంటినిండ జనములో బిడ్డకు మందు పోయుట తెలిసినది ఆమె ఒక్కతయే కావచ్చును. మన ఇండ్లలో ఫిట్ వచ్చిన వెంటనే తాళపుచెవుల గుత్తి చేతిలో పెట్టుటకు పదిమంది పరుగెత్తుదురు, దాని వలన ప్రయోజనము లేదు. పిల్లవానిని ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోటిలో ఏమియు పెట్టక, గడియారము చూచుచు, ఐదు నిమిషములు దాటినచో ఆస్పత్రికి తీసికొనిపోవుటకు సిద్ధపడువారు ఎందరు? మన ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ఇట్టిది కావచ్చును: మీరు గాక ఈ బిడ్డను ఒక్క రాత్రి నమ్మకముగ అప్పగింపదగినవారు ఎందరు ఉన్నారు?

చివరకు ఈ అంకెలు ఎక్కడికి పోవును? ఇంగ్లండులో ఏ మందును ప్రభుత్వ వైద్యశాఖ ఇవ్వవలెనో సలహా చెప్పు నైస్ అను సంస్థ కలదు. ఆ సంస్థ 2019 డిసెంబరులో కానబిడియాల్‌ను క్లోబజాం అను మందుతో కలిపి డ్రావే సిండ్రోముకు ఇవ్వవచ్చునని చెప్పినది. ఆ సందర్భమున బిడ్డ జీవితమునే గాక, చూచుకొనువారి జీవితమును కూడ లెక్కలోనికి తీసికొన్నారు. ఇది మెచ్చదగిన సంగతి. అయితే ఈ లెక్క కట్టు విధానములో ఒక గుంట ఉన్నది. బీజగణితము తెలిసిన ప్రతి విద్యార్థి దానిని చూడగలడు.

ఈ విధానములో సంపూర్ణ ఆరోగ్యముతో గడచిన ఒక సంవత్సరము విలువ 1, మరణము విలువ 0. ఒక ఊహా కుటుంబమును తీసికొందము. బిడ్డ స్థితి విలువ 0.4 అనుకొందము. తలిదండ్రులు ఇద్దరి విలువ ఒక్కొక్కరికి 0.9 ఉండవలసినది, కాపలా భారము వలన 0.7 అయినది. ఒక కొత్త మందు ఫిట్స్‌ను తగ్గింపలేదు గాని బిడ్డ ఆయుస్సును పది సంవత్సరములు పెంచినది. బిడ్డకు లాభము 10 × 0.4 = 4. తలిదండ్రులకు? బిడ్డ పోయినచో వారి భారము తీరి విలువ మరల 0.9 అగునని లెక్క అనుకొనును. కనుక బిడ్డ బ్రతికి ఉన్న పది సంవత్సరములు ఇద్దరికి నష్టము 10 × 0.2 × 2 = 4. లాభము నాలుగు, నష్టము నాలుగు. మందు వలన ప్రయోజనము సున్న! తలిదండ్రుల కష్టమును దయతో లెక్కలో చేర్చినందువలన బిడ్డ ప్రాణము విలువ తుడిచిపెట్టుకొనిపోయినది. లెక్కలో తప్పు లేదు. బిడ్డ మరణించిన మరునాడు తల్లి 0.9కు చేరునని భావించుటలోనే తప్పు ఉన్నది. ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ చిక్కును గుర్తింపకపోలేదు. 2023లో కొందరు దీనికి ‘ఉచ్చు’ అనియే పేరు పెట్టి వ్రాసినారు. దుఃఖమును కూడ ఒక అంకెగ చేర్చవలెనని ఒక సూచన, చూచుకొనువారి లెక్కను వేరుగ చూపవలెనని ఒక సూచన. నాకు రెండవది మేలుగ తోచుచున్నది. రెండు వేర్వేరు సరుకులను ఒకే పళ్లెములో పోసి తూచుట ఎందులకు?

ఈ ఉచ్చునకు మూలము కూడ ప్రశ్నావళిలోనే ఉన్నదని నా వాదము. మన కొలబద్దలు కాపలాను భారముగ మాత్రమే ఎరుగును. దించుకొనదలచిన మూటకును, దించుకొనుటకు ఇష్టపడని బిడ్డకును అందు భేదము లేదు. దుఃఖించు తలిదండ్రులు ఈ విచారణలకు ఎట్లును దొరకరు. 2018లో ప్రచురితమైన, 584 మంది సమాధానములతో కూడిన యూరపు సర్వే ఈ వ్యాధిపై జరిగినవాటిలో పెద్దది. ఇంత అరుదైన వ్యాధికి అన్ని ఇండ్లను కూడగట్టుట సామాన్యమైన పని కాదు. కాని తలిదండ్రుల సంఘములతో సంబంధము, ఇంటర్నెట్టు, వ్రాయుటకు తీరిక ఉన్నవారే ఇట్టి సర్వేలలో ఎక్కువగ కనబడుదురు. తీరిక లేనితనమే కొలువవలసిన వస్తువైనప్పుడు తీరిక ఉన్నవారిని అడిగి ఏమి తెలిసికొందుము?

వీటికి బదులు ఏమి చేయవచ్చును? ఒక నెల దినచర్య పట్టిక చాలునని నాకు తోచుచున్నది. రాత్రి ఎవరు మేలుకొన్నారు, ఎంతసేపు. ఏ పిలుపునకు పోలేకపోయినారు. బిడ్డను ఎవరికి అప్పగించి ఎంతసేపు బయటకు పోగలిగినారు. తల్లి ఒక పట్టిక, తండ్రి ఒక పట్టిక, వ్రాయగల వయస్సు ఉన్న అక్కయో అన్నయో ఒక పట్టిక, ఒకరిది ఒకరు చూడకుండ నింపవలెను. మూడు పట్టికలు సరిపోలనిచోట పరిశోధకుడు ఆగి చూడవలెను, సగటు తీసి చెరిపివేయరాదు. అందులో బడికి కూడ ఒక గడి ఉండవలెను. బిడ్డ బడికి వెళ్లిన దినమున ఆ నాలుగు గంటలు తల్లి ఎక్కడ ఉన్నది అని అందు వ్రాయవలెను: ఇంటిలోనా, పనిలోనా, లేక బడి గేటు బయట చెట్టు క్రిందనా.